తోపుకేసి కేక

విడవలూరు నుంచి మా ఊరికి రావాలంటే కాలవ దాటాలి. పడవ నడిపే తాత మమ్మల్ని ఊరి ఒడ్డున దించాక, వెనక్కి తిరిగి అవతలి తాటితోపుకేసి "ఇంకెవురన్నా ఉండారా?" అని కేకేసేవాడు. అక్కడెవరూ ఉండేవారు కాదు. మాకు నవ్వొచ్చేది.

కాలేజీ రోజుల్లో ఒకసారి పడవలో ఓ నవల కథ చెప్పాను. అందులో ఒక దీవి. అక్కడ అందరూ సుఖంగా ఉంటారు. ఏడ్చేవాళ్లను మాత్రం పడవెక్కించి పంపేస్తారు. తాత గెడ వెయ్యడం ఆపాడు.

"ఆ పడవోడు సుఖంగా ఉండాడా అబ్బయా?"

"పుస్తకంలో లేదు తాతా."

"మశూచి వచ్చినప్పుడు ఊరు బాగుండాలని రోగులందర్నీ ఆ తోపులో దించొచ్చింది నేనే. ఊరు బాగానే ఉండాది."

ఆయన చేసింది తప్పో ఒప్పో నాకిప్పటికీ తేలలేదు. ఆ రోజూ మమ్మల్ని దించి తోపుకేసి కేకేశాడు. ఎవరైనా పలుకుతారేమోనని నేనూ ఆగాను.