బొటనవేలు పడని తెర

నిన్న ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు, నల్లగొండలో నేను కళ్లు చూపించుకునే దవాఖానలో, టోకెన్లిచ్చే తెర ముందు ఒక ముసలామె బొటనవేలు ఆనించి, గట్టిగా ఒత్తి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా దొర్లించింది. తెర మళ్లీ మొదటికి వెళ్లింది. మూడుసార్లు అంతే. కౌంటర్లో ఉన్నాయన తల ఎత్తకుండానే, "అవ్వా, ఒత్తద్దు, జర తట్టాలె" అన్నాడు.

"ఒత్తకుంటె దానికెట్ల తెలుస్తది బిడ్డా? ఆఫీసుల గట్టిగ ఒత్తుమనే అంటరు గద" అందామె.

వెనకనున్న నేను ముందుకు జరిగి ఆమె కోసం తట్టేసరికి, పక్క తెర మీద తీసుకున్నవాళ్లతో ఆ రోజు టోకెన్లు అయిపోయాయి. కంటి డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ దవాఖానకు మొదటి తెర చేసిచ్చింది నేనూ మా అక్కా. అక్క బడిలో పాఠాలు చెప్పి మానేసిన మనిషి; కంప్యూటర్ గురించి నాకంటే తక్కువ తెలుసు, ఆ సంగతి నేను ఆమెకు తరచు గుర్తుచేసేవాణ్ణి. మొదటి వారం మా తెర ముందూ ఇదే జరిగింది. జనానికి తెలివి లేదని దవాఖాన యజమాని అంటే, నేనూ తల ఊపి, పక్కన సూచనల బోర్డు పెడదామన్నాను. చదువు రాక వేలిముద్ర వేసేవాళ్లకు బోర్డు! అంతటి మేధావిని.

అక్క తెర బొమ్మను అట్టల మీద గీసుకుని, స్టాంపు ప్యాడొకటి పట్టుకుని మూడు రోజులు ఆ వరుసలో కూర్చుంది. వచ్చినవాళ్లందరి చేతా అట్టల మీద వేలు వేయించి, వాటిని మా కిరాయి గదిలో నేలమీద పరిచింది. ప్రతి గుర్తూ వెడల్పుగా, పక్కకు సాగి ఉంది.

"గీ ఒత్తుడు మనం నేర్పిందే తమ్మీ. ఇన్నేండ్లు కాయితాల మీద వేలిముద్రలు గిట్లనే వేయించుకున్నం" అంది.

వేలు ఎక్కడ పడినా, ఎంతసేపు ఉన్నా, ఎటు దొర్లినా, ఆనిన క్షణమే నంబరు ఇచ్చి పైకి చదివేలా తెరను మార్చాం. చూడటానికి అది పలకలా ఉండేది. కాని వేలు పడక తిరిగిపోయినవాళ్లు ఆ తర్వాత లేరు.

అక్క చనిపోయిన ఏడాదే దాన్ని తీసేశారు. ఇప్పుడున్న తెర మీద రంగులు ఒకదానిలోకి ఒకటి కరుగుతాయి, మూలన ఒక తామర విచ్చుకుంటుంది, అదంతా అయ్యాకే నంబరు సంగతి. దీన్ని చేసినవాళ్లకు బహుమానాలు కూడా వచ్చే ఉంటాయి. వాళ్లెవరూ ఏ దవాఖాన వరుసలోనూ నిలబడి ఉండరు. తాము చేసినదాని ముందు ఒక మనిషి ఓడిపోతే ఆ మనిషినే తప్పుపట్టే చదువు మీద నాకు ఏ గౌరవమూ లేదు. ఒకప్పుడు నాదీ అదే చదువు.

నిన్న ఆ ముసలామె తన వేలికే మట్టి ఉందనుకుని కొంగుతో తుడుచుకుంటూ, వచ్చే వారం వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

తెర పెట్టేముందు జనం మధ్య కూర్చుని వాళ్ల చేతులు చూసే పని ఇప్పుడెవరూ చేయడం లేదు.