బస్సుకు ఐదు స్టార్లు

"నీ ఒక్కదాని కోసం బస్సు ఆపాల్నా అమ్మా?" అని కాలేజీ బస్సుల వ్యవహారం చూసే సార్ అడిగారు. అడిగినప్పుడు నా వైపు చూడలేదు, సమోసా తింటున్నారు. పక్కనే కూర్చున్న ల్యాబ్ మేడమ్ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

మా డిగ్రీ కాలేజీ సంగారెడ్డి శివార్లలో, మా ఊరు గుమ్మడిదల దగ్గర. మా వైపు బస్సు సాయంత్రం నాలుగింటికి కదిలేది. ల్యాబ్ నాలుగున్నర దాకా ఉండేది. బస్సెక్కితే ల్యాబ్ హాజరు పోతుంది, ల్యాబ్‌లో కూర్చుంటే బస్సు పోతుంది. మిగిలిపోయినవాళ్ళం ఆర్టీసీ బస్సులో పటాన్‌చెరు దాకా వచ్చి, షిఫ్టు దిగినవాళ్ళతో పాటు షేర్ ఆటోలో ఇరుక్కుని, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళం.

మా అమ్మ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఒకరోజు నేను చెప్పులు విప్పకముందే తేల్చేసింది.

"ఈ సెమిస్టర్ దాకా సూస్త బిడ్డా. బస్సు సంగతి తేలకుంటే చదువు బంద్. మా సూపర్‌వైజర్‌కు నీ పేరు చెప్పిన, వచ్చే బ్యాచ్‌ల తీస్కుంటడట."

ఇదంతా సార్‌కు చెప్పాను. ఆయన చెయ్యి తుడుచుకుంటూ, "గిట్ల ఒక్కరి మాట మీద మేనేజ్‌మెంట్‌ను ఎట్ల అడుగుత? డేటా తీస్కరా పో" అన్నారు. నన్ను వదిలించుకోవడానికే అన్నారని తెలుసు. అయినా తెస్తానని చెప్పి వచ్చాను.

ఆ సాయంత్రమే ఫోన్‌లో సర్వే ఫారం తయారుచేశాను. నేను చూసిన ఫారాలన్నీ కాలేజీవే కాబట్టి ఇదీ అలాగే వచ్చింది: బస్సు సమయానికి ఎన్ని స్టార్లు ఇస్తారు, ఇంటికి చేరే సౌకర్యానికి ఎన్ని స్టార్లు. దాపరికం లేకుండా ఫలితాలు అందరికీ కనబడేలా పెట్టాను. క్లాస్ గ్రూపులో పోస్టు పెట్టే అధికారం మా క్లాస్ లీడర్ ఒక్కడికే ఉండేది. లింకు పంపితే, "మళ్ళొక ఫారమా? నీకు పని లేదానే?" అంటూనే గ్రూపులో పెట్టాడు. కింద ఎప్పటి మాటే రాశాడు: అందరూ నింపండి, స్క్రీన్‌షాట్ పెట్టండి.

జవాబులు కుప్పగా వచ్చాయి. తెరిచి చూస్తే అన్నీ ఐదు స్టార్లే. రోజూ నాతో ఆటోలో వచ్చే మా పక్క ఊరి పిల్ల కూడా ఐదే ఇచ్చింది.

"నిన్న ఆటోల నా ఒళ్ళె కూసోని వచ్చినవ్ గదనే. బస్సుకు ఐదెట్ల ఇచ్చినవ్?"

"గా ఫారం బస్సుదా? కాలేజీ ఫారం అనుకున్ననే. నేను సదువనే లే. మనకు ఐదే ఇయ్యమంటరు గద!"

ఆమెను ఏమనగలను? తనిఖీ బృందం వచ్చే ముందు ప్రతిసారీ కాలేజీ మీద అభిప్రాయ ఫారాలు నింపమని మమ్మల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టేవారు. వెనక ఒక సార్ నిలబడి, "చివరి స్టార్ నొక్కుకుంట పోండ్రి, జల్దీ" అనేవారు. అలా నొక్కీ నొక్కీ మా వేళ్ళకు ఐదో స్టార్ తప్ప ఇంకోటి తెలియకుండా పోయింది.

మర్నాడు సార్ నన్ను వరండాలో ఆపారు. "సూసినవా? నీ దోస్తులే ఐదు స్టార్లు ఇచ్చిన్రు. ఫస్ట్ క్లాస్ బస్సు మనది!" నా ఫారం నుంచి గ్రాఫ్ తీసి, రంగుల్లో ప్రింటు కొట్టి, నోటీసు బోర్డుకు పెట్టించారు. నన్ను అడగలేదు. మూడు రోజులు దాని ముందు నుంచే క్లాసుకు వెళ్ళాను.

రెండో ఫారంలో స్టార్లు పెట్టలేదు. కాలేజీ ఫారం అని ఎవరూ పొరపడకుండా మా మాటల్లోనే అడిగాను: ల్యాబ్ ఉన్న రోజు ఇంటికెట్ల పోయినవ్? ఇంట్ల ఏమన్నరు? లింకును గ్రూపులో పెట్టలేదు. క్యూఆర్ కోడ్ ప్రింటు తీసి నా ల్యాబ్ రికార్డు అట్టకు అంటించి, పటాన్‌చెరు ఆటో అడ్డా దగ్గర నిలబడ్డాను. మా కాలేజీవాళ్ళు ఆటో కోసం ఎదురుచూసేది అక్కడే.

ఒక ఆటో చాచా తల బయటపెట్టి, "క్యా బేటీ, దుకాణం పెట్టినవా? స్కాన్ చేస్తె ఏమిస్తవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అట్ట దించలేదు. నెట్ లేనివాళ్ళకు నా హాట్‌స్పాట్ ఇచ్చాను. రాయలేమన్నవాళ్ళకు మైకు గుర్తు చూపించి, "నొక్కి చెప్పు, అదే రాస్కుంటది" అన్నాను. ల్యాబ్ ఉన్న ప్రతి సాయంత్రం అదే పని.

స్కాన్ చేసినవాళ్ళు నాలుగింటి బస్సెక్కే దోస్తులకూ లింకు పంపారు. ఈసారి జవాబులు వేరుగా వచ్చాయి. "డ్రైవర్ పక్కకు కూసొని పోయిన. ఇంట్ల చెప్పలే." "నాయిన బండి మీద వచ్చిండు, ఆయనకు నైట్ షిఫ్టు లేటైంది." "ల్యాబ్ ఎగ్గొట్టి బస్సెక్కిన." ఎగ్గొట్టామన్నవాళ్ళే ఎక్కువ.

ప్రింటు తీసుకుని సార్ గదికి వెళ్ళాను. పైపైన తిప్పి, "ఇదేం డేటా అమ్మా? గ్రాఫ్ ఏది?" అన్నారు.

"గ్రాఫ్ మీరు బోర్డుకు పెట్టిన్రు గద సార్. ఇవి సదువుండ్రి."

ఆయన చదవలేదు. పక్క కుర్చీలో ఉన్న ల్యాబ్ మేడమ్ చెయ్యి చాపి తీసుకున్నారు. ఈసారి నవ్వలేదు. కాసేపటికి తలెత్తి, "రికార్డుల ప్రయోగం పేరు రాసి సగం మంది మాయమయ్యేది ఇందుకా? నాకు చెప్పాలె గద!" అన్నారు.

"చెప్పిన మేడమ్. ఆ రోజు మీరు ఈ కుర్చీలనే ఉన్నరు."

మేడమ్ లేచి, కాగితాలు పట్టుకుని నేరుగా ప్రిన్సిపల్ గదికి వెళ్ళారు.

తర్వాతి వారం సర్క్యులర్ వచ్చింది. ల్యాబ్ ఉన్న రోజుల్లో మా బస్సు పావు తక్కువ ఐదింటికి కదులుతుంది. రవాణా కమిటీ చొరవతో, అని అందులో రాశారు. ఆ కమిటీ అంటే సమోసా సారే. మొదటి రోజు బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఎక్కినవా?"

"ఎక్కిన. సీటు గూడ దొరికింది."

"సరే తియ్. సూపర్‌వైజర్‌కు వద్దని చెప్త."

మళ్ళీ తనిఖీ వచ్చింది. కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. ఈసారి వెనక నిలబడ్డది బస్సుల సారే. రవాణా ప్రశ్న రాగానే మూడో స్టార్ నొక్కాను. ఆయన వంగి చూశారు.

"బస్సు వచ్చింది గద తల్లీ. ఇంకేంది?"

"వచ్చింది సార్. అందుకే మూడు."

నొక్కేసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళాను.