పంజాగుట్ట హేరోదు

ఏడాదిలో పదకొండు నెలలు రాజనర్సయ్య ఇంట్లోనూ పిల్లే, వీధిలోనూ పిల్లే. క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు అడ్వెంట్ మొదటి ఆదివారం వచ్చిందంటే మాత్రం పంజాగుట్టలోని ఆ రెండో అంతస్తు వాటాకు ఆయనే రాజు. మళ్లీ క్రిస్మస్ మర్నాటికి కిరీటం అటక మీదికి, ఆయన తన మూలకు.

ఆయన ఖైరతాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. లోపల బెల్లు మోగితే పరుగెత్తడం, బయట ఎవరైనా వస్తే "సార్ మీటింగుల ఉన్నరు" అని మెల్లగా చెప్పి పంపించడం, ఉద్యోగమంతా ఈ రెండు పనుల్లోనే గడిచిపోయింది. ఇంటికొస్తే బెల్లు లేదు గానీ భార్య వజ్రమ్మ ఉంది. బెల్లుకు ఆదివారమైనా సెలవుండేది.

మెదక్ వైపు నుంచి వచ్చిన పాత క్రైస్తవ కుటుంబం వాళ్లది. రాజనర్సయ్య అనే పేరు మార్చుకుని యోహాను అని పెట్టుకొమ్మని చర్చిలో పాస్టరయ్యగారు ఒకప్పుడు గట్టిగానే చెప్పారు. సర్కారు కాగితంలో పేరు మార్పించడం ఎంత పనో సర్కారు అటెండరుకు తెలిసినంతగా అయ్యగారికి తెలియదు. అందువల్ల ఆయన రాజనర్సయ్యగానే రక్షణ పొందాడు.

ఒక ఏడు క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు వేషం కట్టాల్సిన మనిషికి జ్వరం వచ్చింది. కుర్చీలు సర్దుతున్న రాజనర్సయ్యకు మీసం అంటించి, కర్టెన్ గుడ్డ కప్పి, సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఆయన వణుకుతూ చప్పట్లు కొట్టి "ఎవరక్కడ" అన్నాడు. ఇద్దరు భటులు ఉరుక్కుంటూ వచ్చి తల వంచారు. తాను పిలిస్తే మనిషి రావడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఇక ఆ వేషాన్ని వదిలితే ఒట్టు.

వేషమైతే దొరికింది గానీ గొంతు లేవదు. రెండో ఏడు రిహార్సల్‌లో హేరోదు సెలవు చీటీ అడుగుతున్నట్టు మాట్లాడుతుంటే చూసి వజ్రమ్మకే సిగ్గేసింది. ఇంటికొచ్చి తీర్పు చెప్పింది.

"నాటకం అయ్యేదాక ఇంట్ల సుత గట్టిగనే మాట్లాడు. నువ్వేమన్న సరే డైలాగే అనుకుంటం. ఎవ్వరం ఎదురు చెప్పం. అటెంక మళ్ల నీ నోరు మూత, నా నోరు మోత."

అదే ఆ ఇంటి రాజ్యాంగం. దాన్ని రాజనర్సయ్య ఏటేటా కొంచెం కొంచెం విస్తరించుకుంటూ వచ్చాడు. మొదట్లో నిజంగా నాటకంలోని మాటలే అరిచేవాడు. తర్వాత "ఎవరక్కడ, అల్లం చాయ్ ప్రవేశపెట్టండి" అన్నాడు. చాయ్ వచ్చింది. ఆ మరుసటేడు "దేశంలోని శాస్త్రులందరినీ పిలిపించండి, ఈ పప్పులో ఉప్పెందుకు లేదో విచారిస్తాం" అన్నాడు. వజ్రమ్మ పళ్లు నూరుకుంటూ ఉప్పు తెచ్చింది. ఇప్పుడైతే టీవీ రిమోటు, కిటికీ పక్క మంచం, ఆదివారం బోటి కూర, నూనెలోంచి తీసిన గులాబీ పువ్వుల్లో మొదటి వాయి, అన్నీ రాజుగారివే. కొడుకు దినేశ్, కోడలు సుకన్య, ఇంటర్ చదివే మనవరాలు నవీన, అందరూ ఆ నెల కప్పం కట్టేవాళ్లే. కింది వాటాలో ఉండే భీమవరం చక్రపాణి గారు మొదటిసారి ఆ అరుపులు విని "ఏంటండీ, అంతా క్షేమమేనా" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా పైకొచ్చారు. ఇప్పుడాయన కూడా అలవాటుపడ్డారు. అరుపు వినబడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని ఫోన్ చేస్తారు.

ఈ ఏడు అడ్వెంట్ మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, యువజన సంఘం కార్యదర్శి విక్రమ్ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి రాజనర్సయ్యను పక్కకు పిలిచాడు.

"తాతా, ఈసారి నాటకం లేదు. స్క్రీన్ పెట్టి లైట్ షో చేస్తున్నం. డాన్స్ సుత ఉన్నది."

"మరి హేరోదు?"

"హేరోదు జర నెగెటివ్ అయితుండు తాతా. పండుగ పూట పిల్లలను చంపుమనెటోడు ఎందుకని తల్లిదండ్రులు అంటున్నరు."

"బైబిల్ల ఉన్నడు గదరా."

"బైబిల్ల మస్తు మంది ఉన్నరు తాతా. మనకున్నది పావుగంట." విక్రమ్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నిన్ను ఇడిచిపెట్టం. క్రిస్మస్ తాత వేషం నీదే. ఎర్ర డ్రెస్, దూది గడ్డం, పిల్లలకు చాక్లెట్లు పంచుడు."

"డైలాగేంది?"

"డైలాగేం లేదు. ఊరికే నవ్వాలె."

ఉద్యోగమంతా చేసింది ఊరికే నవ్వడమే కదా, దానికి మళ్లీ దూది గడ్డం కూడానా అనుకున్నాడు రాజనర్సయ్య. విక్రమ్‌కు "చూద్దాంలే" అని చెప్పి ఇల్లు చేరాడు. వజ్రమ్మ కజ్జికాయలకు కొబ్బరి కోరుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"రిహార్సల్ ఎప్పటి సంది?"

నిజం చెబుదామనే నోరు తెరిచాడు. ఇంతలో కిటికీ పక్క మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉండడం, దాని మీద రిమోటు పెట్టి ఉండడం కంటబడ్డాయి.

"ఇయ్యాల్టి సందే," అన్నాడు. ఆ వెంటనే, జరుగుతుందో లేదో చూద్దామని చప్పట్లు కొట్టి "ఎవరక్కడ" అన్నాడు. సుకన్య అల్లం చాయ్‌తో వచ్చింది. దేవుని చిత్తం ఇలా ఉన్నప్పుడు కాదనడానికి మనమెవరం అని ఆయన చాయ్ తాగాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే రిహార్సల్‌కని బయలుదేరి అమీర్‌పేటకు వెళ్లేవాడు. కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం ఎదురుగా మిర్చీ బండి పక్కన, వీపుకు బ్యాగులు తగిలించుకున్న పిల్లల మధ్య కూర్చునేవాడు. మనవణ్ణి ఏదో కోర్సులో చేర్పించడానికి వచ్చిన పెద్దమనిషి అనుకుని కోచింగ్ వాళ్లు ఆయన చేతిలో కాగితాలు కుక్కేవాళ్లు. ఒకరోజు చినుకులు పడితే ఉచిత డెమో క్లాసులోకి దూరి, ఏసీలో హాయిగా కునుకు తీశాడు. పాఠం చెప్పేవాడు "డౌట్స్ ఉన్నయా అంకుల్" అని అడిగితే ఊరికే నవ్వాడు.

మిర్చీల వల్ల గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందనుకుని వజ్రమ్మ రోజూ పడుకునే ముందు మిరియాల పాలు కాచి ఇచ్చింది. ఆ పాలు ఆయన గొంతుకు మంచిగానే ఉన్నాయి గానీ మరెక్కడో గుచ్చుకునేవి. అయితే గుచ్చుకుంటున్నాయని ఒక్క పూటా తాగకుండా వదల్లేదు.

పండుగ ఇక దగ్గర పడిందనగా వజ్రమ్మ అటక మీది పెట్టె దించింది. హేరోదు పాత దుస్తుల్లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కూడా పెంచి పంపించాయి. ఆమె కాసేపు ఆలోచించి బీరువా తెరిచి, దినేశ్ పెళ్లికి కట్టుకున్న మెరూన్ రంగు గద్వాల చీర తీసింది. జరీ అంచు ఇంకా తళతళలాడుతూనే ఉంది. చీర నేల మీద పరిచి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కత్తెర చేతిలోకి తీసుకుంది.

రాజనర్సయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు.

"వజ్రమ్మా, ఆగు. ఆ చీర ముట్టకు."

మూడు వారాలుగా గట్టిగా మాట్లాడే అలవాటు పడిపోయిన గొంతు. ఈ మాట కూడా సింహాసనం మీద నుంచి వచ్చినట్టే వచ్చింది.

"రాజుకు దయ పుట్టింది," అంది వజ్రమ్మ సూదుల మధ్య నుంచి.

"నేను రాజును కాను."

మంచం అంచున ఫోన్ చూసుకుంటున్న నవీన తల ఎత్తింది. "నానమ్మా, గిది కొత్త డైలాగ్. పోయినేడు లేదు."

"మంచిగుంది. ఈసారి హేరోదుకు ఆఖరుకు బుద్ధొచ్చినట్టు రాసిన్రేమో."

"నాటకమే లేదు. అంతా అబద్ధం. నేను మిమ్మల్ని మోసం చేసిన," అని గుండెలు బాదుకున్నాడు రాజనర్సయ్య.

వంటింట్లోంచి సుకన్య తొంగి చూసింది. "మామా, మోసం దగ్గర చెయ్యి జర పైకి లేపున్రి, ఎనుకోళ్లకు సుత కనబడాలె."

కింది నుంచి చక్రపాణి గారి గొంతు వినిపించింది. "చాలా బాగుందండీ రాజనర్సయ్య గారూ. ఆ మోసం ముక్క మరోసారి అనండి."

కత్తెర జరీ అంచు దగ్గర కర్రుమంది. రాజనర్సయ్య మంచం మీద కూలబడ్డాడు. రాజ్యాంగం రాసుకున్నప్పుడు రాజుగారికి నిజం చెప్పాల్సిన అవసరం వస్తే ఏం చెయ్యాలో అందులో ఎవరూ రాయలేదు.

రెండు రోజులకు సాయంత్రం పూట చర్చి పాటల బృందం ఆ వీధికి వచ్చింది. ముందు ఒకరు కర్రకు కట్టిన వెలుగుల నక్షత్రం పట్టుకుని, వెనక విక్రమ్ గిటారు మోగిస్తూ, మెట్లన్నీ ఎక్కి హాల్లో ఇరుక్కుని పాడారు. మెట్రో రైలు పోయిన చప్పుడులో ఒక చరణం ఎవరికీ వినబడలేదు. పాట అయ్యాక పళ్లేల్లో గులాబీ పువ్వులు, కజ్జికాయలు వచ్చాయి. వాటి వెనకే కొత్త రాజవస్త్రంతో వజ్రమ్మ వచ్చింది.

"చూడు బిడ్డా విక్రమ్, మీ రాజుకు ఎట్లున్నది?"

విక్రమ్ నోట్లో కజ్జికాయ ఉంది. నమలడం ఆపేశాడు. "ఏ రాజు నానమ్మా?"

అందరూ రాజనర్సయ్య వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు దానంతట అదే ఖైరతాబాద్ వెళ్లిపోయింది. సార్ మీటింగుల ఉన్నరని చెప్పే ఆ పాత మెత్తని గొంతుతో అన్నాడు.

"నాటకం లేదు వజ్రమ్మా. మొదటి ఆదివారం సందే లేదు."

ఈసారి చెయ్యి పైకి లేపమని ఎవరూ అనలేదు. ఆ గొంతు డైలాగు కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

వజ్రమ్మ వస్త్రాన్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"మరి గా చాయ్‌లు?"

ఆయన పళ్లెంలో మిగిలిన కజ్జికాయల వైపు చూశాడు.

"బోటి కూర?"

"అది... ఆకలైంది."

"మిరియాల పాలు గూడ తాగితివి గదనయ్యా." ఆమె ఒళ్లోని జరీ అంచును ఒకసారి సవరించింది. వెంటనే విక్రమ్ మీదికి తిరిగింది. "హేరోదు లేకుంటే బాలయేసును చూడొచ్చిన ఆ జ్ఞానులకు బేత్లెహేము తొవ్వ ఎవరు చెప్తరు?"

"స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తది నానమ్మా," అన్నాడు విక్రమ్ భయపడుతూ.

"ఇంకేం వేషం లేదా ఈయనకు?"

"క్రిస్మస్ తాత ఉన్నది. తాతే చూద్దామన్నడు. దానికి ఎర్ర డ్రెస్ కావాలె."

వజ్రమ్మ రాజవస్త్రాన్ని ఎత్తి వాడి కళ్లకు ఎదురుగా పట్టుకుంది. "ఇది ఎరుపా, కాదా?"

విక్రమ్ జరీని చూశాడు, ఆమె ముఖం చూశాడు. "ఎరుపే."

పాటల బృందం వెళ్లిపోయాక రాజ్యం రద్దయింది. రిమోటు నవీనకు పోయింది, మంచం దినేశ్‌కు పోయింది. చాయ్ కావాలంటే పొయ్యి అక్కడుంది అని సుకన్య మర్యాదగానే చూపించింది. వజ్రమ్మ భర్తను నిలబెట్టి, వస్త్రాన్ని క్రిస్మస్ తాత కొలతకు తగ్గించడానికి గుండుసూదులు గుచ్చుతూ అడిగింది.

"మొదటి దినమే చెప్తే ఏం పోయేది?"

"పిలిస్తే ఎవరన్న వస్తరని," అన్నాడు ఆయన.

ఆమె నోట్లో సూదులున్నాయి. ఒక సూది మాత్రం కొంచెం లోపలికి దిగింది, కావాలనో పొరపాటునో ఆయనకు తెలియలేదు.

క్రిస్మస్ నాడు చర్చిలో లైట్ షో మొదలై, స్క్రీన్ మీద బాణం గుర్తు వచ్చి, జ్ఞానులు తప్పకుండా బేత్లెహేము చేరారు. తర్వాత వేదిక మీదికి క్రిస్మస్ తాత వచ్చాడు. పంజాగుట్ట, అమీర్‌పేట మొత్తం వెతికినా జరీ అంచున్న క్రిస్మస్ తాత ఆ ఒక్కడే దొరుకుతాడు. చేతిలో చాక్లెట్ల సంచి, ముఖం మీద చెప్పినట్టు నవ్వు.

పిల్లలు ఒక్కసారిగా మీద పడ్డారు. ఒకడు సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఇంకొకడు గడ్డం పట్టుకుని వేలాడాడు. ఒక చిన్నది జరీ అంచును నోట్లో పెట్టుకుని చూసింది. విక్రమ్ వేదిక పక్క నుంచి నవ్వమని సైగ చేస్తున్నాడు. రాజనర్సయ్య నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు. దూది నోట్లోకి పోయింది, సంచి చేతుల్లోంచి జారిపోయింది. అప్పుడు ఆయన రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచి చప్పట్లు కొట్టాయి.

"ఎవరక్కడ."

మైకు లేకుండానే ఆ మాట వెనక బెంచీల దాకా వెళ్లి గోడకు కొట్టుకుని వచ్చింది. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. సంచిలో చెయ్యి పెట్టినవాడు చెయ్యి బయటికి తీసి వీపు వెనక దాచుకున్నాడు.

ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ల వైపు మూడో వరసలోంచి, ఏళ్ల తరబడి నోటికి పడిపోయిన అలవాటు కొద్దీ, "ఆ, వస్తున్న," అని వినిపించింది.

చర్చి మొత్తం తిరిగి చూసేసరికి వజ్రమ్మ లేచి నిలబడి ఉంది. మళ్లీ కూర్చుంటే మరింత నవ్వులపాలు. అందుకని ఆమె కొంగు సర్దుకుని, తిన్నగా వేదిక ఎక్కి, కింద పడ్డ సంచి తీసి తెరిచి పట్టుకుంది.

"లైన్ల నిలబడున్రి. ఒక్కరికి ఒక్కటే," అంది పిల్లలతో. తర్వాత భర్త వైపు తిరిగి, పెదవులు మాత్రం కదిలించి, ఇంటికి పోయినంక చెప్త నీ సంగతి అంది.

రాజనర్సయ్య నవ్వాడు. నవ్వడం ఎలాగూ వేషంలో ఉన్నదే కనుక, ఎవరికీ అనుమానం రాలేదు.