ఇరవై ఏళ్లకు వచ్చిన రాజును కూర్చోబెట్టిన రాణి

ఈ రోజు సిద్దిపేటలో మా డిగ్రీ కాలేజీ అమ్మాయిలు ఒక గ్రీకు కథను నాటకంగా వేశారు. యుద్ధానికి పోయిన రాజు ఇరవై ఏళ్లు తిరిగి రాడు. రాణి మగ్గం నేస్తూ, పెళ్లాడమని వెంటపడే మగాళ్లను ఆపుతూ, రాజ్యం నడుపుతుంది. కథంతా రాణి వైపు నుంచి నేనే తిరగరాశాను. చివరి సీను మాత్రం మా సీనియర్ సార్ ముట్టుకోనివ్వలేదు.

"రాణి ఉరికొచ్చి రాజు కాళ్ల మీద పడాలె మేడం. గంతే!"

వారమంతా కొట్లాడి ఓడిపోయాను.

స్టేజీ మీదకి రాజు వచ్చాడు. రాణి వేషం వేసిన శ్రావణి మగ్గం ముందు నుంచి లేవలేదు. తల కూడా తిప్పలేదు.

"వచ్చినవా? చెప్పులు గాడ ఇడిసి కూసో. ఇంకో జానెడున్నది, నేసి వస్త."

హాలంతా ఈలలు. రాజు వేషంలో ఉన్న పిల్ల ఏం చేయాలో తోచక నిజంగానే చెప్పులు విడిచి కూర్చుంది. సార్ ముఖం ఎలా ఉందో నాకు తెలియదు, నేను చప్పట్లు కొట్టే పనిలో ఉన్నాను.

తెర పడ్డాక శ్రావణిని పట్టుకున్నాను. "ఆ మాట ఎవరు రాసిచ్చిన్రే?"

"రాసుడేంది మేడం! మా బాపు దుబాయి నుంచి వచ్చిననాడు మా అమ్మ మగ్గం మీదికెళ్లి లేవకుంట గిట్లనే అన్నది."

ముందు వరసలో వాళ్ల బాపు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆడవాళ్లు ఎదురుచూసిన కథలు చాలానే విన్నాం. మీ ఇంట్లో మగవాళ్లు ఎదురుచూసిన కథ ఒక్కటైనా ఉంటే కింద రాయండి. వచ్చే ఏడాది నాటకానికి కావాలి. ఈసారి సార్‌కి ముందుగా చూపించను.