కాశీవిశ్వనాథం గారి టేకు నేల

ఫిల్మ్ నగర్‌లో కాశీవిశ్వనాథం గారు కట్టని రాజభవనం లేదు. నిలిచి ఉన్నది మాత్రం ఒక్కటీ లేదు. సినిమా సెట్లు వేయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ప్లైవుడ్డు మీద పాలరాయి పుట్టిస్తారు, కొత్త తలుపుకి వందేళ్ల వయసు తెప్పిస్తారు. షూటింగ్ అయిన మర్నాడు అదంతా లారీ ఎక్కుతుంది.

"మీ కోటగోడ దగ్గరికి జలుబు చేసినవాళ్లని రానివ్వకండి, తుమ్మితే పడిపోతుంది" అని భార్య లీలాకుమారి కాపురం పొడుగునా వేళాకోళం చేసింది. ఆయన పైకి నవ్వేవారు గానీ లోపల గుచ్చుకునేది. నిలిచే పని ఒక్కటైనా చేసి ఈవిడ నోరు మూయించాలని ఆయన పంతం.

అవకాశం మేడమీదే దొరికింది. లీలాకుమారి ఒకప్పుడు సినిమాల్లో గ్రూప్ డాన్సర్. రాతి నేల మీద ఎగిరితే మోకాళ్లు పోతాయని, ఇల్లు కట్టిననాడే పై హాల్లో టేకు చెక్కలు పరిపించుకుంది. ఇన్నేళ్లకి అవి నల్లబడి పేళ్లు లేచాయి. విజయదశమికి పిల్లలకి కూచిపూడి క్లాసు మొదలుపెడతానని ఆవిడ వీధంతా చెప్పేసింది. పసిపాదాల్లో పేళ్లు దిగితే ఇంకేం క్లాసు? పైగా ఆ చెక్కలు ఇదివరకోసారి రుద్దించినవే, మందం ఎంతో మిగల్లేదు. ఈసారి తేడా వస్తే అసలు నేలే ఉండదు.

"వడ్రంగిని పిలుద్దామండీ," అంది.

"నేనుండగా వడ్రంగి ఎందుకు? నువ్వు మీ అక్కయ్య దగ్గరికి వెళ్లిరా. వచ్చేసరికి అద్దంలా ఉంటుంది."

ఆవిడ అనుమానంగానే వెంగళరావు నగర్‌లో ఉన్న అక్క శారదాదేవి ఇంటికి వెళ్లింది. ఆయన ఎర్రగడ్డలో మిషన్లు కిరాయికిచ్చే రాములు దగ్గరికి వెళ్లారు.

రాములు రెండు మిషన్లు చూపించాడు. ఒకటి అరచేతి కింద పట్టే గుండ్రటిది. ఇంకోటి నిలబడి తోసేది, కింద ఎమరీ పేపరు చుట్టిన డ్రమ్ముతో బుల్లి రోడ్డు రోలరులా ఉంది.

"గీ చిన్నది జర సుస్తు సార్, టైం పడ్తది. గని చెక్క ఖరాబు గాదు. గీ డ్రమ్ముది జల్దీ జేస్తది. ఒక్కతాన ఆపితే మాత్రం చెక్కను తింటది."

చిన్నదాన్ని ఆయన చూడనైనా లేదు. సినిమావాళ్లకో జబ్బుంది, తెర నిండా కనపడేదే గొప్పదనుకుంటారు. "ఇదీ హీరో!" అని డ్రమ్మును తట్టి, ట్రాలీ ఆటో ఎక్కించి తెచ్చుకున్నారు.

మొదటి వరస అద్భుతంగా సాగింది. నల్లటి పొర పోయి పచ్చటి టేకు బయటపడింది. ఆయనకి పొంగు ఆగలేదు. సరిగ్గా హాలు మధ్యకి వచ్చేసరికి, పక్కింట్లో సీరియల్ తీస్తున్నవాళ్లు ఈ రొద భరించలేక ప్రహరీ మీంచి మైకులో "సైలెన్స్!" అని అరిచారు.

సెట్ మీద ఆ మాట వినపడితే ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోవాలి. సర్వీసంతా ఆయన అలాగే బిగుసుకుపోయారు, సుత్తి గాల్లో ఉంటే గాల్లోనే. ఇప్పుడూ ఊపిరి బిగబట్టి బొమ్మలా నిలబడిపోయారు. ఆయన ఆగారు గానీ డ్రమ్ము ఆగలేదు. తేరుకుని స్విచ్చి నొక్కేసరికి నేల మధ్యలో పీట పట్టేంత గుంట. ఇంకాస్త దిగితే మేకుల తలలు కనపడేవి.

ఇంకొకరైతే తల పట్టుకుని కూర్చునేవారు. ఈయన కుంచె తీశారు. మిగతా నేలంతా చకచకా రుద్దేసి, గుంట అంచున పడే నీడని లేత రంగుతో చెరిపి, టేకు చారలు గీసి, పైన పాలిష్ కొట్టారు. గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసి చూసుకున్నారు. గుంట మాయం! ఏ కెమెరా పట్టుకోలేదు.

"అబ్బ, ఎంత బాగుందండీ!" అంది లీలాకుమారి వస్తూనే. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కొంగు దోపుకుని, తాళం చెప్పుకుంటూ, అడుగులేస్తూ హాలు మధ్యకి వచ్చి టక్కున ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. మడమతో తట్టి చూసింది.

"ఇక్కడేం చేశారు?"

"ఏం కనిపిస్తోంది నీకు?" అన్నారాయన అమాయకంగా.

"కంటికేం కనపడట్లేదు. కాలికి తెలుస్తోంది."

మైకుతో సహా అంతా చెప్పక తప్పలేదు. ఆవిడ నవ్వు ఆపుకోలేక ఆ గుంటలోనే కూలబడింది. నవ్వు ఆగాక, "రేపు ఏ పిల్లకైనా ఇక్కడ మడమ మడతపడితే మీ రంగు ఆపుతుందా?" అంది. ఆయనకి నిజంగా సిగ్గేసింది.

మళ్లీ ఎర్రగడ్డ వెళ్లి డ్రమ్మును దింపి, గుండ్రటి మిషన్ అడిగారు.

"హీరో ఏమైండు సార్?"

"విలన్ అయ్యాడు. మాట్లాడకుండా చిన్నదివ్వు."

గుంటను పూడిస్తే పిల్లల గెంతులకి పూత ఊడిపోతుంది. మిగతా నేలనే గోడల దాకా కొద్దికొద్దిగా తగ్గించి దానితో కలపాలి. ఆయన మోకాళ్ల మీద పాకుతూ రుద్దుతుంటే, ఆవిడ వెనకే కళ్లు మూసుకుని పాదంతో తడుముతూ "ఇక్కడింకా ఉంది" అనేది, "అక్కడ చాలు" అనేది. విజయదశమి దగ్గరికొచ్చేసింది. ఆయన తొందరపడలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కళ్లు మూసుకునే ఈ గోడ నుంచి ఆ గోడకి ఆడుకుంటూ వెళ్లింది. ఎక్కడా తడబడలేదు. తిరిగి మధ్యకొచ్చి, కసితీరా ఒక్క తొక్కు తొక్కింది. మేడంతా మోగింది. నేల చెక్కుచెదరలేదు.

కాశీవిశ్వనాథం గారు చేసిన పని మీద ఇన్నేళ్లలో ఎవరూ అంత గట్టిగా కాలు వేయలేదు. ఆయన వేయనిచ్చేవారు కూడా కాదు. ఒళ్లంతా చెక్కపొడితో, చిన్న మిషన్‌ని ఒళ్లో పెట్టుకుని గోడకి చేరగిలబడ్డారు.

"ఇంకోసారి తొక్కు లీలా," అన్నారు.