బొట్టు చెరగకూడదని

ఈ సంగతి రాయడానికి కారణం ఒక్కటే. దీని గురించే ఇదివరకు నేనొక కాగితం రాశాను. ఆయుధాల లైసెన్సులు చూసే కార్యాలయానికి, మూడు పేజీలు, ఒక్క అక్షర దోషం లేకుండా. అందులో అబద్ధం లేదు. ఉండవలసిన ఒక వాక్యం మాత్రం లేదు. ఆ కాగితం ఇప్పుడు ఏదో ఫైల్లో ఉంది, నా తర్వాత కూడా ఉంటుంది. రేపు ఎవరు ఆ ఫైలు తీసినా జరిగింది అంతే అనుకుంటారు. అందుకని ఇంకో కాగితం కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎవరి పేర్లూ పెట్టడం లేదు. పెట్టొద్దని, ఆ కాగితం ఎవరి కోసం రాశానో ఆయనే అన్నాడు.

నేను ఎల్బీనగర్‌లో, రింగ్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో ఆయుధాల రిజిస్టరు రాస్తాను. బంగారం షాపులకూ డబ్బు వ్యాన్లకూ మా దగ్గర్నుంచి గన్‌మెన్ వెళతారు. తుపాకులు ఏజెన్సీవి కావు, ఎవరివి వాళ్ళవే. లైసెన్సు ఉంటేనే ఉద్యోగం. సాయంత్రం అప్పగిస్తారు, పొద్దున తీసుకుంటారు. ఎవరి తుపాకి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది, ఖాళీగా ఉందా లేదా చూసి సంతకం పెట్టడం నా పని. నేను మాత్రం ఒక్క తూటా కూడా పేల్చలేదు.

పదో తరగతి తప్పాక నేను మళ్ళీ బడి ముఖం చూడలేదు. నాకు వచ్చిందంతా దిల్‌సుఖ్‌నగర్ లైబ్రరీలో వచ్చింది. కోచింగ్ పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీలన్నీ పట్టేసుకుంటే, నేను బీరువాల మధ్య స్టూలు వేసుకుని చదివేవాణ్ణి. ఇంగ్లీషు కూడా అలాగే, ఒక పక్క నిఘంటువు పెట్టుకుని. తెలియని మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని, ఎదురుగా అర్థం రాసుకునేవాణ్ణి. అలాంటివి పదకొండు నోట్‌బుక్కులున్నాయి. వాటి గురించి నేను చాలామందికి చెప్పుకున్నాను.

ఆయన మా గన్‌మెన్‌లో ఒకడు, సైన్యంలో చేసి వచ్చినవాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఊరు హయత్‌నగర్ అవతల, కాపురం బడంగ్‌పేట్‌లో. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక బంగారం షాపులో డ్యూటీ. మిగతావాళ్ళందరివీ పొడుగు తుపాకులు, పిస్తోలు ఉన్నది ఆయనొక్కడికే. నన్ను తమ్మీ అనేవాడు, సరదా పుడితే లైబ్రరీ సారూ అనేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆదివారం చర్చి మానేవాడు కాదు.

రోజూ పొద్దున మా ఇద్దరికీ ఒక తంతు ఉండేది. ఆఫీసు మూల ఇసుక నింపిన బకెట్టు ఉంటుంది. ఆయన దాని ముందు నిలబడి పిస్తోలు పైనున్న ఉక్కు తొడుగును వెనక్కి లాగి నిలిపేవాడు. దాన్నే స్లైడ్ అంటారు. అది వెనక ఉంటే తూటా కూర్చునే గది కనబడుతుంది. నేను వంగి చూసి "ఖాళీ" అనేవాణ్ణి. ఆయన స్లైడ్‌ను కాస్త లాగి వదిలితే అది ముందుకొచ్చి మూసుకునేది. అప్పుడు బకెట్టు వైపు గురిపెట్టి ఒకసారి ట్రిగ్గర్ నొక్కేవాడు, లోపలి స్ప్రింగు వదులుకావడానికి. ఆ తర్వాతే తూటాలున్న మ్యాగజైన్ పిడిలోకి తోసేవాడు. గదిలో తూటా లేకుండానే పిస్తోలు డ్యూటీకి వెళ్ళేది.

ఒక రోజు తొందరలో వరస మారింది. స్లైడ్ వెనకే ఉండగా మ్యాగజైన్ గట్టిగా తోశాడు. ఎవరూ ముట్టుకోకుండానే స్లైడ్ టక్కున ముందుకొచ్చి మూసుకుంది.

"ఏంది తమ్మీ గిది? దయ్యం పట్టిందా దీనికి?" అన్నాడు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి చూశాడు. గదిలో తూటా లేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. "ఇన్నేండ్లల్ల ఎన్నడు చూడలే. జర నీ పుస్తకాలల్ల చూడరాదు, లైబ్రరీ సారూ."

నేను చూశాను. పిస్తోళ్ళ లోపలి పనితీరు మీద పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. ఆ అధ్యాయానికి నాలుగు వారాలు పట్టింది. స్లైడ్‌ను వెనక పట్టి ఉంచేది చిన్న కొక్కెం. కొక్కెం అరిగిందంటే, కింది నుంచి మ్యాగజైన్ గట్టిగా తగిలినప్పుడు ఆ అదురుకి జారిపోతుంది. స్లైడ్ వచ్చేస్తుంది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. మిగతాది నేను ఆలోచించాను. మ్యాగజైన్ పూర్తిగా పైకి చేరకముందే స్లైడ్ దాటిపోతుంది కాబట్టి పై తూటా దానికి అందదు. మేం మూడుసార్లు చూసినప్పుడు గది ఖాళీగానే ఉంది కదా. బొమ్మ గీసి ఆయనకు చూపించాను.

"అంటే తనంతట తను మూసుకుంటే లోపల ఖాళీయే అన్నట్టు," అన్నాడు.

"అంతేనన్నా."

"నువ్వు ఇంజినీరువి కావాల్సినోనివి, తమ్మీ."

ఆ మాటకి నేను వారం రోజులు పొంగిపోయాను.

మా ఆఫీసులో దసరా ముందు రోజు ఆయుధ పూజ చేస్తారు. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి తుపాకులన్నీ ఖాళీ చేసి, తెరిచి పెడతారు. యజమాని గారి భార్య వచ్చి ప్రతిదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. ఆ ఏడాది అరటి పిలకలు తెచ్చారు. అవి నిలబడడానికి ఏదీ దొరకలేదు. ఒకదాన్ని నీళ్ళ డబ్బాలో, రెండోదాన్ని ఇసుక బకెట్టులో గుచ్చారు. గుచ్చింది నేనే.

పూజ అయ్యాక ఆయన పిస్తోలు తీసుకున్నాడు. స్లైడ్ వెనక్కి నిలిచి ఉంది. నేను వంగి చూసి "ఖాళీ" అన్నాను, రిజిస్టరులో సంతకం పెట్టాను. స్లైడ్ మూయడానికి ఆయన చెయ్యి పైకి తీసుకెళ్ళి ఆగిపోయాడు. దాని నిండా తడి పసుపు. సరిగ్గా వేళ్ళు పడే చోట కుంకుమ.

"ఎట్ల తమ్మీ? పట్టుకుంటే బొట్టు మొత్తం ఖరాబైతది."

"అయితే ఏమైంది?"

"నీకేం, నువ్వు అయితే ఏం గాదు. చర్చికి పోయేటోడు పూజ అయిన రెండు నిమిషాలకే బొట్టు తుడిచేసిండంటరు. అమ్మగారు ఆడనే ఉన్నది చూడు. మా పాస్టరుకైనా జవాబు చెప్తగని ఆమెకు చెప్పలేను."

ఇద్దరం నవ్వుకున్నాం. షాపు తెరిచే వేళైంది. దసరా రద్దీ, అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. అప్పుడు నేనన్నాను:

"చెయ్యి వెయ్యక్కర్లేదన్నా. మ్యాగజైన్ గట్టిగా తోసెయ్యండి, అదే మూసుకుంటుంది. బొట్టు బొట్టులాగే ఉంటుంది."

"తూటా లోపలికి పోదు కద?"

"పోదు. పుస్తకంలో ఉంది."

పుస్తకంలో లేదు.

ఆయన తోశాడు. స్లైడ్ మూసుకుంది. బొట్టు చెక్కుచెదరలేదు. ఆయన నా వైపు చూసి కళ్ళెగరేశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, స్ప్రింగు వదులు చేయడానికి బకెట్టు వైపు తిరిగాడు. అక్కడ అరటి పిలక ఉంది, దాని ముందు దీపం ఉంది. దేవుడి ముందున్న పిలక మీదికి పిస్తోలు పెట్టడం ఆయనకు బాగనిపించలేదు. కిందికి దించి, గోడ పక్కన నేల వైపు పెట్టి నొక్కాడు.

ఆ చిన్న గదిలో ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. తూటా గ్రానైట్ బండకు తగిలి లేచి ఆయన ఎడమ చీలమండలో దిగింది. ఆయన కింద కూర్చుని, ముందు పిస్తోలులోంచి మ్యాగజైన్ తీశాడు. స్లైడ్ లాగి, ఇంకో తూటా బయటపడేశాడు. ఖాళీ పిస్తోలు నా వైపు నేల మీద జరిపాడు. "చూడు తమ్మీ, ఖాళీయేనా?" అని అడిగాడు. ఆ తర్వాతే కాలు పట్టుకున్నాడు. ఆఫీసు ఊడ్చే అమ్మ తన చెంగు చింపి కట్టింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం.

పోలీసులు వచ్చి నన్ను అడిగారు. తూటా గది ఖాళీగా ఉండగా చూశానని చెప్పాను, సంతకం చూపించాను. తర్వాత ఏమైందన్నారు. రిజిస్టరు రాసుకుంటున్నానని చెప్పాను. అదీ నిజమే.

పిస్తోలు తీసుకెళ్ళారు. నిర్లక్ష్యంగా వాడినందుకు లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని కొన్నాళ్ళకు నోటీసు వచ్చింది. లైసెన్సు పోతే ఆయనకు వచ్చిన పని పోయినట్టే. ఆయనకు తెలిసిన పని అదొక్కటే. నన్ను బడంగ్‌పేట్‌కి రమ్మన్నాడు.

"జవాబు నువ్వే రాయి తమ్మీ. నీ తెలుగు మంచిగుంటది. ఆఫీసర్లకు నచ్చుతది."

ఆయన మంచం మీద ఉన్నాడు, కాలు కింద రెండు దిండ్లు. నేను కుర్చీలో కాగితాలతో కూర్చున్నాను. ఆయన భార్య చాయ్ తెచ్చి అక్కడే నిలబడి నన్నడిగింది.

"అన్నా, మీరన్న చెప్పున్రి. ఇన్నేండ్లు తుపాకి పట్టిన మనిషి, ఎన్నడన్న గిట్ల చేసిండా? ఎవ్వరో చెప్పకుంటె ఈయనకు గసొంటి ఉపాయం యాడికెల్లి వస్తది?"

"ఎవరు చెప్తరే," అన్నాడాయన. "నాకే తోచింది."

ఆమె నా వైపు చూసింది. నేను చాయ్ తాగాను. అది నోరు కాలేంత వేడిగా ఉంది, అయినా ఆపకుండా తాగాను.

రాశాను. కొక్కెం అరుగుదల గురించి, అదురు గురించి, స్లైడ్ తనంతట తాను మూసుకోవడం గురించి వివరంగా రాశాను. యాంత్రిక లోపమే గాని నిర్లక్ష్యం కాదన్నాను. వాక్యాలు బాగా కుదిరాయి. ఆఫీసులో ఆయుధాలు చూసే మనిషే, తెలిసినవాడినని నమ్మించి, అలా చేయమని చెప్పాడన్న ఒక్క మాట రాయలేదు. రాస్తే నా ఉద్యోగం పోతుంది. అంతకంటే, నా చదువు ఇదా అని నలుగురూ అంటారు. రెండింటిలో నన్ను ఎక్కువగా ఆపింది రెండోదే. రాసింది ఆయనకు చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చివర్లో "అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందన్నాను. సంతకం పెట్టాడు.

విచారణలో అధికారి మూడు పేజీలూ చదివి రెండే ప్రశ్నలు అడిగారట. కొక్కెం అరిగిందని ఇంత బాగా తెలిసినవాడివి ఆ పిస్తోలు ఎందుకు బాగు చేయించలేదు? ఇంత తెలిసీ ఎవరు చెబితే అలా చేశావు? నాకే తోచిందన్నాడట. లైసెన్సు రద్దయింది. నేను రాసిన వివరమే ఆయన మీద సాక్ష్యమైంది.

నేను మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి ఆ పుస్తకం తీశాను. అదే పేజీ, కింది సగంలో ఉంది. స్లైడ్ అలా మూసుకున్నప్పుడు తూటా ఒక్కోసారి గదిలోకి వెళుతుంది, ఒక్కోసారి వెళ్ళదు. ఏదీ నమ్మడానికి లేదు. తూటా ఉన్నట్టే అనుకోవాలి అని. ఆ వాక్యంలోని రెండు కష్టమైన మాటలు నా నోట్‌బుక్‌లో ఉన్నాయి, అర్థాలతో సహా. అంటే నేనది చదివాను. మాటలు ఏరుకుని వాక్యాన్ని వదిలేశాను. మూడుసార్లు ఖాళీగా కనబడింది కాబట్టి ఆ వాక్యం నాకు అవసరం లేదనిపించి ఉంటుంది. గుర్తులేదు.

ఆయన ఇప్పుడు కొత్తపేటలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చుంటాడు. ఎక్కువసేపు నిలబడలేడు. మొన్న ఎండాకాలంలో వెళ్ళి, ఆ జవాబులో నా పేరు రాయాల్సిందని చెప్పాను.

"నాకు తెల్వదా తమ్మీ? నువ్వు చదువుతుంటే, ఇప్పుడొస్తది ఇప్పుడొస్తది అని చూసిన. మూడు పేజీలు చూసిన."

"మీరే అడగాల్సింది కదన్నా."

"నేనడిగితే రాసేటోనివే. అడగకుండ రాస్తవేమో అనుకున్న." గేటు తీయడానికి లేచాడు. కారు లోపలికి పోయాక మళ్ళీ కూర్చున్నాడు. "పో, ఎండెక్కువైతుంది."

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు, పేర్లు పెట్టలేకపోయినా, కృతజ్ఞతలు చెప్పాలి. ఆ రోజు చెంగు చింపి కట్టు కట్టి, ఏది ఎప్పుడు జరిగిందో నాకు మళ్ళీ వరసగా గుర్తుచేసిన అమ్మకు. ఆ పేజీ జిరాక్సు తీసుకోనిచ్చిన లైబ్రేరియన్ గారికి. చదవనిచ్చి, "పేర్లు తీసెయ్" అని మాత్రమే అన్న ఆయనకు. ఆయన భార్యకు చెప్పుకోలేను, ఆమె ఇప్పుడు నాతో మాట్లాడదు. అప్పీలుకి పనికొస్తుందేమోనని ఇది తీసుకెళ్తే, ఎల్బీనగర్ కోర్టు దగ్గరి ఒక వకీలు గారు మధ్యలో ఆపకుండా చివరిదాకా చదివారు. గడువు ఎప్పుడో దాటిపోయిందని, ఇక దీనివల్ల ఎవరికీ ఏమీ రాదని చెప్పి, కాగితాలు సర్ది తిరిగి ఇచ్చారు. వారికి కూడా.