రసమట్టం బాబాయి, నడవ గోడ

మీ ఇంటి గోడ తిన్నగా ఉందని మీకెవరు చెప్పారు? ఎవరు చెప్పినా సరే, మా బాబాయిని మాత్రం ఇంటికి పిలవకండి. జేబులో పెన్ను ఉండవలసిన చోట రసమట్టం పెట్టుకు తిరిగే బ్యాంకు ఉద్యోగి ఆయన. ముందు మీ గడప మీద దాన్ని ఆనిస్తాడు. అందులోని బుడగ నడిమధ్యన నిలిచాకే మిమ్మల్ని పలకరిస్తాడు.

ఈసారి ఆయన కన్ను సొంత ఇంటి నడవ మీద పడింది. చూపు పోయినా ఎవరి చెయ్యీ పట్టుకోనని పంతం పట్టిన నానమ్మ, తన గది నుంచి స్నానాల గదికి ఆ గోడను తడుముకుంటూనే వెళుతుంది. పెచ్చులూడిన పాత పూతను బాబాయి స్వయంగా చెక్కేశాడు. కొత్త పూతకు ముందు ఎత్తులు కొట్టాలి, పల్లాలు నింపాలి. తాపీమేస్త్రి వస్తాడు, బాబాయి గోడకు బద్ద ఆనిస్తాడు, సందులో వెలుతురు కనిపిస్తుంది, పూత వాయిదా. న్యాయశాస్త్రం చదివిన నాకు వాయిదాలంటే ఒళ్లుమంట. ఈయన ముందు కోర్టులే నయమనిపించాయి.

“గోరంత పల్లం కూడా ఉండకూడదు!” అన్నాడు బాబాయి.

“ఎందుకూ, గోడ మీద గోళీలాడతారా?” అంది పిన్ని, కంచంలోంచి ఇసుక ఏరుతూ.

అది చాలదన్నట్టు, కళ్లు మూసుకుని, గోడకు అరచెయ్యి రాస్తూ పచార్లు మొదలుపెట్టాడు.

“గోడకు నాడి చూస్తున్నావా బాబాయ్?”

“నీకు తెలీదులే, నడు.”

చివరికి స్నానాల గది తలుపు పక్కన ఒక్క బొప్పి మిగిలింది. ఉలి పెట్టి ఒక దెబ్బ వేశాడో లేదో, నానమ్మ కేక.

“ఒరేయ్, తలుపు పక్క బొప్పి కొడుతున్నావా?”

“ఇదొక్కటేనమ్మా మిగిలింది.”

“అది తగిలితేనేరా నాకు తలుపొచ్చిందని తెలిసేది! అదీ కొట్టేస్తే నీ పెళ్లాం చెయ్యి పట్టుకోవాలి నేను.”

బాబాయి సుత్తి దించాడు. “నీ చెయ్యి గీరుకుపోతోందనే కదమ్మా ఈ తంటా అంతా,” అని గోడతో అన్నట్టుగా గొణిగాడు.

ఆరోపణలు చేసిన నేనూ, సాక్ష్యంగా ఇసుక పోగేసిన పిన్నీ కేసు వెనక్కి తీసుకున్నాం.

మర్నాడు మేస్త్రి గుర్రుమన్నాడు: “ఇదొదిలేశారేంటి సార్? చూసినోళ్లు నన్ను తిడతారు.”

బాబాయి రసమట్టం తీశాడు, బొప్పికేసి చూశాడు, ఆనించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“గోడంతా అద్దంలా రావాలి. దీనికి మాత్రం అంచులు నున్నగా చేసి, బొప్పిని బొప్పిలాగే ఉంచు.”